రొయ్యకు దారి లేదు, ఎండ్రకాయకు ఒడ్డు లేదు

మిర్గం (మృగశిర కార్తె) రోజు హైదరాబాద్ బేగంబజార్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే చోటుండదు. కొర్రమీను, రవ్వ, బొచ్చె కుప్పలు పోసి ఉంటాయి. ఐసు ముక్కల మధ్య రొయ్యలు, పక్కనే డెక్కలు తాడుతో కట్టేసిన మండపీతలు. ఆ పీతలు కోస్తాలో మడ అడవుల కాలువల్లో పుట్టాయి. రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రా చెరువుల్లో మేత తిని పెరిగినవే. మార్కెట్ నుంచి నడిచి వెళ్తే ముస్లింజంగ్ పుల్ వస్తుంది. దాని కింద పారేది మూసీ నదే. ఆ నదిలో పట్టిన ఎండ్రకాయ మాత్రం ఈ గంపల్లో కనిపించదు. తెచ్చి పెట్టినా కొనే ధైర్యం ఎవరికీ లేదు.

మూసీ గురించి మనం మాట్లాడుకునేది ఎప్పుడూ మురుగు, వరద, ఆక్రమణ, సుందరీకరణ. నదికి సొంత జనాభా ఒకటి ఉంటుందన్న సంగతి ఆ మాటల్లోకి రాదు. ఏ జీవి ఎక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉంటుంది, ఎక్కడ లేకుండా పోయింది అన్న లెక్క తీస్తే నది ఆరోగ్యం ఏ ల్యాబ్ రిపోర్టు కన్నా సూటిగా తెలుస్తుంది. చాలా దేశాల్లో ఈ లెక్కను క్రేఫిష్ అనే జీవితో మొదలుపెడతారు. మనకు ఆ అవకాశం లేదు. ఎందుకు లేదన్నది ఆసక్తికరమైన కథ.

మనకు దక్కని జీవి

క్రేఫిష్‌ది రొయ్యలా పొడవాటి ఒళ్లు, ఎండ్రకాయకు ఉన్నట్టు బలమైన డెక్కలు. రాళ్ల కింద, చెట్ల వేళ్ల మధ్య, ఒడ్డున తవ్వుకున్న బొరియల్లో మంచినీటిలోనే పుట్టి, అక్కడే చస్తుంది. ప్రపంచంలో 600కు పైగా జాతులున్నాయి. ఉత్తరార్ధగోళంలో ఉత్తర అమెరికా, యూరప్, తూర్పు ఆసియా వాటి ఇలాకా. దక్షిణాన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, మడగాస్కర్‌లలో వేరే కుటుంబం ఉంది. టాస్మేనియా వాగుల్లోని జాతి ఒకప్పుడు ఆరు కిలోల దాకా తూగేదని రికార్డులున్నాయి. దానికి చల్లటి నీరు, నీడ, పడిపోయిన దుంగలు కావాలి. ఒడ్డున అడవి కొట్టేస్తే అది కూడా పోతుంది.

ఈ పటంలో రెండు పెద్ద ఖాళీలున్నాయి. ఒకటి ఆఫ్రికా ప్రధాన భూభాగం, రెండోది భారతదేశం. ఇక్కడి నదుల్లో సొంత క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. ఇంగ్లండ్ జంతుశాస్త్రజ్ఞుడు థామస్ హెన్రీ హక్స్‌లీ 1880లో క్రేఫిష్ మీద ఒక పుస్తకమే రాసి, ఈ పంపకం వెనుక కారణం ఏమిటని ఆలోచించాడు. మడగాస్కర్‌ను చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. సుమారు 8.8 కోట్ల సంవత్సరాల కిందటి దాకా మన నేల, ఆ ద్వీపం అంటుకునే ఉన్నాయి. ఆ ద్వీపం తూర్పున ఎత్తైన అడవుల వాగుల్లో ఇవాళ్టికీ ఏడు సొంత జాతులు బతుకుతున్నాయి. మన వైపు ఒక్కటీ లేదు. విడిపోయాక భారత భూభాగం ఒంటరిగా ఉత్తరానికి జరిగింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద లావా పొరలు పొరలుగా పారింది. ఆ నేల భూమధ్యరేఖను దాటింది, ఆసియాను ఢీకొంది. ఆ ప్రయాణంలో చల్లటి వాగుల జీవి నిలదొక్కుకోలేకపోయిందని కొందరి వాదన. మంచినీటి ఎండ్రకాయలు ఆ చోటును ఆక్రమించాయని మరికొందరి వాదన. రెండో వాదనకు పటమే కొంత సాక్ష్యం: ఎండ్రకాయలు బలంగా ఉన్న ఉష్ణమండల నదుల్లో క్రేఫిష్ దాదాపు కనిపించదు.

కాబట్టి హైదరాబాద్‌లో క్రేఫిష్ కోసం వెతకడం దండగ. ఇతర దేశాల్లో అది చేసే పనులన్నీ, అంటే కుళ్లిన ఆకును నమలడం, చచ్చినదాన్ని శుభ్రం చేయడం, నత్తలను అదుపులో పెట్టడం, కొంగలకూ లకుముకి పిట్టలకూ ఆహారమవడం, ఇక్కడ ఎండ్రకాయా రొయ్యా పంచుకున్నాయి. రెండూ పదికాళ్ల జీవులే. అయినా వాటి అవసరాలు పూర్తిగా వేరు. మూసీ పోగొట్టుకున్నదేమిటో ఆ తేడాలోనే కనిపిస్తుంది.

పిల్లలను కడుపున మోసే ఎండ్రకాయ

1836లోనే సైక్స్, వెస్ట్‌వుడ్ అనే ఇద్దరు దక్కన్ నేల ఎండ్రకాయల మీద లండన్‌లో ఒక వ్యాసం అచ్చువేశారు. 1910లో ఆల్కాక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు కలకత్తా ఇండియన్ మ్యూజియం నుంచి మంచినీటి ఎండ్రకాయల జాబితా తెచ్చాడు. ఇవాళ దేశంలో గుర్తించిన జాతులు వంద దాటాయి. ఒక చిన్న జీవికి ఇన్ని జాతులు ఎందుకు పుట్టుకొచ్చాయన్న ప్రశ్నకు జవాబు తల్లి పొట్ట కింద ఉంది.

వరి పొలంలో దొరికిన ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి చూడండి. మగదానికి పొట్ట మీద సన్నటి కోసు లాంటి మడత ఉంటుంది. ఆడదానికి అదే మడత వెడల్పుగా, గుండ్రంగా, పొట్టంతా కప్పేలా ఉంటుంది. వానాకాలంలో ఆ మడతను కాస్త ఎత్తితే లోపల గుడ్లు గుత్తులుగా కనిపిస్తాయి, లేదా గింజంత పిల్లలు కిక్కిరిసి ఉంటాయి. అవి పిల్ల పురుగులు కావు, అచ్చం తల్లి రూపంలో ఉన్న బుల్లి ఎండ్రకాయలు. సముద్రపు పీత లక్షల గుడ్లు వదిలి అలల పాలు చేస్తే, ఇది కొన్ని వందలే పెడుతుంది. వాటిని చివరిదాకా మోసి, పిల్లలు సొంతంగా నడిచే దశకు వచ్చాక వదిలేస్తుంది. సముద్రంతో పని లేదు. నది పొడవునా ఈదాల్సిన అవసరం లేదు. అందుకే ఒక వాగులో పుట్టిన కుటుంబం తరతరాలు ఆ వాగునే అంటిపెట్టుకుంటుంది. మధ్యలో ఒక గుట్ట అడ్డమొస్తే అవతలి వాగులోది కాలక్రమంలో వేరే జాతి అవుతుంది.

ఇదే దాని బలహీనత కూడా. ఒక చోట తుడిచిపెట్టుకుపోతే, దూరం నుంచి కొత్తవి కొట్టుకొచ్చి ఆ చోటు నింపవు.

దానికి కావాల్సినవి ఎక్కువేం కాదు. మొదటిది తవ్వడానికి వీలైన మట్టి. బొరియ నోటి దగ్గర గోలీల్లాంటి బురద ఉండలు కనిపిస్తే లోపల ఎండ్రకాయ ఉన్నట్టే. ఎండాకాలం నీరు దిగిపోతుంటే తడి తగిలేదాకా బొరియను లోతు చేసుకుంటుంది. మొప్పలున్న గదిలో తడి ఉంటే చాలు, గాలినీ పీల్చుకోగలదు. కాబట్టి నీటిలో ప్రాణవాయువు తగ్గిన పూట గట్టెక్కి కూర్చుంటుంది. రాత్రిపూట, ముఖ్యంగా తొలకరి తర్వాత, తిండికి బయటకొస్తుంది. గట్లకు గండ్లు పెడుతుందని రైతు దాన్ని తిట్టుకుంటాడు, ఆ కోపంలో న్యాయం ఉంది. జలుబు చేస్తే అదే రైతు ఇంట్లో ఎండ్రకాయల పులుసు ఘాటుగా కాస్తారు.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రయోగశాలల్లో వరి పొలాల ఎండ్రకాయ మీద దశాబ్దాల పాటు పరిశోధన సాగింది. పురుగుమందులు, భారలోహాలు దాని ఒంట్లో ఏం చేస్తాయి, పెంకు ఎప్పుడు విడుస్తుంది, కంటి కాడలోని హార్మోన్లు ఆ పనిని ఎలా ఆపుతాయి అన్నవి అక్కడ శ్రద్ధగా చూశారు. కంటి కాడ తీసేస్తే పెంకు విడవడం తొందరగా వస్తుంది. కోస్తా హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కన్ను తీసేసి గుడ్లకు తెచ్చే పద్ధతి కూడా ఇలాంటి జ్ఞానం మీదే నడుస్తోంది. పెంకు విడిచిన ఎండ్రకాయ కొన్నాళ్లు మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. కొత్త పెంకు గట్టిపడటానికి నీటిలోని సున్నం కావాలి, దాక్కోవడానికి బొరియ కావాలి. విషపు నీటి దెబ్బ గట్టిగా తగిలేది ఆ రోజుల్లోనే.

ఉప్పునీటి దాకా వెళ్లాల్సిన రొయ్య

పెద్ద మంచినీటి రొయ్యల కథ దీనికి పూర్తిగా భిన్నం. నీలం డెక్కల పెద్ద రొయ్య, గోదావరి కృష్ణా నదుల్లో పేరున్న గోదావరి రొయ్య, రెండూ మంచినీటిలో పెరుగుతాయి గానీ వాటి పిల్లలు మంచినీటిలో బతకవు. గుడ్లు మోసుకుని తల్లి దిగువకు, నది సముద్రంలో కలిసే చోటికి వెళ్తుంది. పెద్ద రొయ్యల్లో బాగా ఎదిగిన తల్లి ఒక్కసారికి 80 వేలకు పైగా గుడ్లు మోస్తుంది. పొదిగిన పిల్లకు ఉప్పు కలిసిన నీరు తగలకపోతే నాలుగైదు రోజుల్లో చనిపోతుంది. పదకొండు దశలు దాటి రొయ్య రూపం వచ్చాక తిరుగుముఖం పడుతుంది. ప్రవాహానికి ఎదురెక్కి, తడి రాళ్లను పట్టుకుని పాకి, వందల కిలోమీటర్లు పైకి వస్తుంది.

ఇప్పుడు ఆ పిల్ల హైదరాబాద్ రావాలనుకుంటే దారి ఎలా ఉంటుందో చూడండి. కృష్ణా ముఖద్వారం నుంచి బయల్దేరితే విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ తగులుతుంది. అక్కడ 1855 నాటికే ఆనకట్ట ఉంది, 1957లో బ్యారేజీ వచ్చింది. దాన్ని దాటితే 2013లో ప్రారంభమైన పులిచింతల. ఆ పైన వాడపల్లి దగ్గర మూసీలోకి మళ్లితే సూర్యాపేట దగ్గర 1963 నాటి మూసీ ప్రాజెక్టు. ఆ తర్వాత పాత కత్వలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు. వాటన్నిటి తర్వాత మురుగు. పాత ఆనకట్ట మీద నుంచి వరద పొంగినప్పుడు పాకి వచ్చే అవకాశం కొంతైనా ఉండేది. ఎత్తైన గేట్ల ముందు ఆ అవకాశం లేదు.

2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం జలాశయాల్లో హేచరీ రొయ్య పిల్లలను వదులుతోంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు అది ఆదాయం, నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ రొయ్యలు ఇక్కడ సంతతిని నిలుపుకోలేవు. ఏటా మళ్లీ తెచ్చి పోయాల్సిందే. చెరువులో రొయ్య ఉండటం, నదిలో రొయ్య బతకడం ఒకటి కావు. మంచినీటిలోనే జీవితచక్రం పూర్తి చేసుకునే చిన్న రొయ్య జాతులు కొన్ని ఉన్నాయి. సముద్రం దాకా వెళ్లే పని లేదు గనక కలుపు మొక్కల మధ్య, నిలకడ నీటిలో ఇవే మిగులుతాయి. వాటికి ప్రాణవాయువు మాత్రం తప్పనిసరి.

అనంతగిరి నుంచి దిగువకు

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. పైన ఎర్రటి జాజు రాయి, కింద దక్కన్ లావా గట్టిపడిన నల్లరాయి. వాన నీరు జాజు రాయిలో ఇంకి, సన్నటి ఊటలుగా బయటపడుతుంది. నీడ, రాళ్లు, కుళ్లిన ఆకులు, ఒడ్డున మెత్తటి మట్టి, ఎండ్రకాయ కోరుకునేవన్నీ ఒక్కచోట ఉంటాయి. వానాకాలం అక్కడి వాగుల్లో, పక్కన పొలాల గట్ల మీద అవి తిరుగుతూ కనిపిస్తాయి.

అక్కడి నుంచి మైదానంలోకి దిగి ఉస్మాన్‌సాగర్ చేరుతుంది, పక్కన ఈసీ నది హిమాయత్‌సాగర్‌కు వస్తుంది. 1908 సెప్టెంబర్ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జంట జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయింది. వీటి ఎగువన 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ కట్టడిని ఎత్తేసింది. ఆ చర్చంతా భూముల ధరల చుట్టూ, తాగునీటి చుట్టూ తిరిగింది. కానీ నగరానికి దగ్గరగా మట్టి ఒడ్డు, కుంట, వరి గట్టు, వాగు ఇంకా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న చోటు ఆ గ్రామాల నేలే. వేరే వాగు నుంచి వచ్చి నింపలేని జీవికి అలాంటి చోటు పోతే తిరిగిరాదు.

లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ సంగమం దాటాక మనం చూసే నది మొదలవుతుంది. రోజుకు వంద కోట్ల లీటర్లకు పైగా నగరపు మురుగు పుట్టుకొస్తుంది, శుద్ధి కానిది ఇందులోకే వస్తుంది. నల్లటి నీటిలో కరిగిన ప్రాణవాయువు దాదాపు మిగలదు. 2022లో యార్క్ విశ్వవిద్యాలయం నడిపిన ప్రపంచ నదుల అధ్యయనం మందుల అవశేషాల కోసం మూసీ నీటినీ పరీక్షించింది. రొయ్యకు ఇక్కడ బతుకు లేదు. ఎండ్రకాయ మొండిది, గాలి పీల్చి కొంతకాలం తట్టుకుంటుంది. కానీ పాతబస్తీ దగ్గర దానికి ఇంకో కష్టం ఎదురవుతుంది.

పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా నదికి రెండు వైపులా ఎత్తైన రాతి గోడలున్నాయి. 1908 వరదలో వేల ప్రాణాలు పోయిన తర్వాత కట్టినవి. ఆ గోడలు అవసరమైనవే, వాటిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి ఇవాళ అక్కడ నిలబడటం వెనుక ఆ గోడల భరోసా ఉంది. అయితే ఆ గోడతో నదికి ఒడ్డు అనేది లేకుండా పోయింది. తవ్వే మట్టి లేదు, తేమ దిగే ఏటవాలు లేదు. నీరు రేపు బాగుపడినా పిల్లను మోసుకొచ్చే తల్లికి దిగే చోటు లేదు. 2017లో ఏర్పాటైన మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ చేతిలో ఇప్పుడు నగరంలోని 55 కిలోమీటర్లున్నాయి. ప్రచారంలో కనిపించే బొమ్మల్లో కాంక్రీటు నడకదారులు, మెట్లు, లైట్లు. నీటికి, మెట్టుకు మధ్య కొన్ని అడుగుల మట్టి వాలు వదలడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గడ్డి, తుంగ, నేరేడు వేళ్లు ఉన్న ఏటవాలు ఒడ్డును పాతబస్తీ ఇవతలా అవతలా కొన్ని చోట్లయినా నిలపాలి. అది లేకుండా నీటిని ఎంత శుద్ధి చేసినా మనకు మిగిలేది తేటగా పారే కాలువే.

నగరం దాటాక ఒక వింత ఉంది. పిల్లాయిపల్లి లాంటి కత్వల మీద నుంచి నీరు దూకుతూ, మళ్లీ నిలుస్తూ, పశుగ్రాసం మళ్లకు, వరి మళ్లకు పారుతూ దిగువకు పోయేకొద్దీ కొంత తేరుకుంటుంది. సుమారు 40 కిలోమీటర్ల పొడవునా నీటి నమూనాలు తీసిన పరిశోధకులు మలబ్యాక్టీరియా తగ్గడం, ప్రాణవాయువు పెరగడం గమనించారు. పాతకాలపు రాతి కత్వ ప్రతి దూకుడులోనూ నీటికి గాలి కలుపుతోంది. లోహాలు, మందుల అవశేషాలు మాత్రం అలా పోవు.

మీర్ ఆలం చెరువు

పాతబస్తీలో ఇంకా ఆశ పెట్టుకోదగ్గ చోటు బహదూర్‌పురా అవతల మీర్ ఆలం చెరువు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం పేరిట కట్టిన ఆనకట్టకు 21 అర్ధవృత్తాకార కమానులున్నాయి, వాటి వంపు నీటి వైపుకు ఉంటుంది. జంట జలాశయాలు వచ్చేదాకా పాతబస్తీ తాగింది ఈ నీళ్లే. ఇప్పుడు గుర్రపుడెక్క నీటిని కప్పేస్తుంది. ఆకుల కింద వెలుతురు పడదు, రాత్రిళ్లు ప్రాణవాయువు పడిపోతుంది. ఒక పక్క రాతి కట్ట, ఇంకో పక్క జంతు ప్రదర్శనశాల చెట్లు. ఆ చెట్ల వైపు ఒడ్డు ఇంకా మట్టిగానే ఉంది. మురుగు కాలువలను మళ్లించి, గుర్రపుడెక్కను వేళ్లతో సహా తీసి, ఆ ఒడ్డును ముట్టుకోకుండా వదిలేస్తే చిన్న రొయ్యలకూ ఎండ్రకాయలకూ నగరం నడుమ ఒక ఆసరా దొరుకుతుంది.

దీనికి పొంచి ఉన్న ప్రమాదం ఒకటి అద్దాల తొట్టెల్లో ఉంది. మనకు దక్కని క్రేఫిష్ ఇప్పుడు అక్వేరియం వ్యాపారంలో వస్తోంది, నీలం రంగు ఆస్ట్రేలియా రకం పిల్లలకు బాగా నచ్చుతుంది. పెరిగి చేపలను పీక్కు తినడం మొదలుపెట్టాక ఇంట్లో వాళ్లు దాన్ని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. మడగాస్కర్‌కు జరిగింది చూడాలి. 1990లలో జర్మనీ అక్వేరియంలలో కనిపించిన పాలరాతి మచ్చల క్రేఫిష్‌లో మగవి లేవు, ప్రతి ఆడదీ తనంతట తాను పిల్లలు పెడుతుంది. ఆ ద్వీపంలోకి ఎలాగో చేరి, 2007లో వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర ఉన్నది 2017 నాటికి లక్ష దాటింది. అమెరికా రకాలు మోసుకొచ్చిన బూజు తెగులు 1860 ప్రాంతం నుంచి యూరప్ సొంత జాతులను తుడిచిపెడుతూ వచ్చింది. మన దగ్గర దెయ్యం చేప అని జనం పిలిచే అక్వేరియం చేప కృష్ణా గోదావరుల్లో వలలు చింపుతోంది. క్రేఫిష్‌కు అలాంటి అవకాశం ఇస్తే బొరియ కోసం, తిండి కోసం ముందు పోటీ పడేది మన ఎండ్రకాయతోనే. తొట్టెలో పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వాలి. చెరువులో వదలడం దయ కాదు.

పాతబస్తీకి దగ్గరలో, అత్తాపూర్‌లో రెండు జాతీయ సంస్థలున్నాయి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఒకటి, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) నడిపే అంతరించిపోతున్న జీవుల ప్రయోగశాల లాకోన్స్ రెండోది. చెంబెడు నీటిలో తేలే డీఎన్‌ఏను బట్టి ఒక జీవి ఉందో లేదో చెప్పే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు దెయ్యం చేప మీద ఇప్పటికే వాడి చూపించారు. నదీతీర అభివృద్ధి పనులకు కాంట్రాక్టు యంత్రాలు దిగకముందే ఆ పద్ధతితో మూసీ మొత్తాన్ని ఒకసారి లెక్కించాలి. అనంతగిరి ఊటలు, చేవెళ్ల వైపు వాగులు, ఉస్మాన్‌సాగర్ అంచు, మీర్ ఆలం మట్టి ఒడ్డు, పురానాపూల్ గోడలు, పిల్లాయిపల్లి కత్వ, వాడపల్లి. తొలకరి పడిన రెండు మూడు వారాలకు రాత్రి టార్చి వేసుకుని అదే చోట్ల బొరియలు, ఎండ్రకాయలు లెక్కపెట్టాలి. కాలేజీ పిల్లలు ఈ పని చేయగలరు, చెరువుల్లో వలలు వేసేవారికి బొరియలు ఎక్కడుంటాయో ముందే తెలుసు. ఏటా అదే వారంలో, అదే చోట్ల. నది బాగుపడిందని ఎవరైనా ప్రకటించిన రోజున, పురానాపూల్ గోడ దగ్గర ఈ ఏడు ఎన్ని దొరికాయని అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.